చేపల పద్దు: అంతరించే చేపల పునరుద్ధరణకు సర్కారు ఖర్చు లెక్కగట్టడం ఎలా?

కొలంబియా నదిలో సాల్మన్ చేపను కాపాడటానికి అమెరికా ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టిందని అడిగితే, అడిగిన ప్రతి చోటా ఒక కొత్త అంకె చెబుతారు. ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త విలియం యేగర్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ షోయరెల్ 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం నలభై ఏళ్లలో ఖర్చయిన ప్రజాధనం 900 కోట్ల డాలర్లకు పైనే. ద్రవ్యోల్బణం సరిచేశాక తేలిన అంకె అది. స్థానిక సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు పెట్టిన సొమ్ము అందులో లేదు. ఆ ప్రాంతపు విద్యుత్, పర్యావరణ ప్రణాళికలు చూసే నార్త్‌వెస్ట్ కౌన్సిల్ తన వార్షిక నివేదికల్లో దాదాపు అదే కాలానికి 1,700 కోట్ల డాలర్లు దాటిందని చూపిస్తుంది. కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే ఫెడరల్ జవాబుదారీ కార్యాలయమైతే 2010-16 మధ్య కొలంబియా పరీవాహకం బాగుకు పెట్టిన మొత్తం ఎంతో తేల్చలేమని 2018లో చేతులెత్తేసింది. శాఖకో తీరుగా లెక్కలు రాస్తుంటే కూడటం కుదరదని ఒక కారణం చెప్పింది.

కూడికలో ఎవరూ తప్పు చేయలేదు. దేన్ని చేప ఖర్చుగా రాయాలి, దేన్ని రాయకూడదు అన్న దగ్గరే తేడా అంతా ఉంది. ఆ నిర్ణయం గుమాస్తా తీసుకునేది కాదు, రాజకీయమైనది. ఈ విషయంలో గత యాభై ఏళ్లలో పోగైన చట్టాలను, లెక్కలను, వివాదాలను ఒకచోట పెట్టి చూస్తే కనిపించేది అదే. ఏ అంచనానైనా 'ఎంత' అని అడిగే ముందు 'ఎవరి ఖాతాలో, దేనితో పోల్చి' అని అడగాలి.

చట్టం అడిగిన లెక్క

అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల రక్షణ చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ 1973 డిసెంబరు 28న సంతకం చేశారు. ఖర్చు సంగతి అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఐదేళ్లు తిరక్కుండానే ఆ ప్రశ్న సుప్రీంకోర్టు గడప తొక్కింది. టెనెసీ రాష్ట్రంలో టెల్లికో ఆనకట్ట దాదాపు పూర్తయిన దశలో, మూడంగుళాల స్నెయిల్ డార్టర్ అనే చేప అక్కడ ఉందని తేలింది. 1978లో కోర్టు 6-3 తేడాతో చేప పక్షాన నిలిచింది. ఎంత ఖర్చయినా సరే, జాతులు అంతరించిపోకుండా ఆపడమే కాంగ్రెస్ ఉద్దేశమని ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ తేల్చారు.

తీర్పు రుచించని కాంగ్రెస్, మినహాయింపులు ఇచ్చే అధికారంతో ఒక ఉన్నత స్థాయి కమిటీని ఏర్పాటు చేసింది. జీవుల బతుకూ చావూ తేల్చే కమిటీ కాబట్టి జనం దానికి 'దేవుళ్ల దళం' అని పేరు పెట్టారు. 1979 జనవరిలో ఆ కమిటీ టెల్లికో లెక్కలు తిరగేసి ఏకగ్రీవంగా మినహాయింపు నిరాకరించింది. తొంభై అయిదు శాతం పని అయిపోయింది. మిగిలిన కాస్త పనికి అయ్యే ఖర్చును మొత్తం ప్రయోజనంతో పోల్చినా గిట్టుబాటు కాదని సభ్యుల్లో ఒకరైన ఆర్థికవేత్త చార్లెస్ షుల్ట్జ్ అన్నారు. చేప అడ్డుపడిందని అందరూ అనుకున్న ప్రాజెక్టు తన లెక్క మీద తానే నిలబడలేకపోయింది. అయినా కాంగ్రెస్ అదే ఏడాది ఒక నిధుల బిల్లులో వాక్యం చొప్పించి ఆనకట్టకు మినహాయింపు ఇచ్చుకుంది. చేపను వేరే నదికి తరలించారు. తర్వాత మరికొన్ని చోట్లా అది కనిపించింది. 2022లో దాన్ని జాబితా నుంచి తీసేశారు.

ఖర్చు లెక్క చట్టంలోకి గట్టిగా వచ్చింది 1988 సవరణలతో. అవి రెండు పనులు చెప్పాయి. ప్రతి పునరుద్ధరణ ప్రణాళికలోనూ పట్టే కాలం, అయ్యే వ్యయం అంచనా వేసి చూపాలి. అది ముందుచూపు లెక్క. ఏటా ఏ జీవి మీద ఎంత ఖర్చయిందో జాతుల వారీగా కాంగ్రెస్‌కు నివేదించాలి. అది జరిగిపోయిన లెక్క. రెండో దానికి చట్టం ఒక మెలిక పెట్టింది. 'సహేతుకంగా గుర్తించగలిగిన' ఖర్చు రాస్తే చాలంది. గుర్తించలేకపోతే రాయనక్కర్లేదు.

ఆ మెలిక ఫలితం ఏటా కనిపిస్తూనే ఉంది. 2020 నాటి నివేదికలో మొత్తం సుమారు 120 కోట్ల డాలర్లు. అందులో దాదాపు సగం పసిఫిక్ తీరంలోని సాల్మన్, స్టీల్‌హెడ్ చేపలకే పోయింది. అదే ఏడాది వర్జీనియా ఫ్రింజ్‌డ్ మౌంటెన్ అనే నత్త పేరిట నమోదైన ఖర్చు 100 డాలర్లు. సాల్మన్‌కు డబ్బు ఎక్కువ పోతున్న మాట నిజమే. దాని ఖర్చును గుర్తించి రాసే యంత్రాంగం ఉందన్న మాట కూడా అంతే నిజం. సాల్మన్ కోసం పనిచేసే ఆనకట్టల శాఖ, విద్యుత్ సంస్థ, హేచరీలు ప్రతి డాలరుకూ పద్దు రాస్తాయి. నత్త కోసం ఒక అధికారి మరో పని మధ్యలో వెచ్చించిన సమయం ఏ ఖాతాకూ ఎక్కదు.

ఆనకట్టలే ఖాతా పుస్తకం

సాల్మన్ నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే తిరిగి వస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు మధ్య వరకు కొలంబియాకు ఏటా కోటి నుంచి కోటీ అరవై లక్షల చేపలు ఎదురీది వచ్చేవని అంచనా. చేపలను డబ్బాల్లో నింపే క్యానరీలు, అడవుల నరికివేత, సాగునీటి మళ్లింపు ఆ సంఖ్యను తగ్గిస్తూ వచ్చాయి. ఆ మీద ఫెడరల్ ఆనకట్టలొచ్చాయి. 1938లో బోన్‌విల్ ఆనకట్ట మొదలు 1975లో ఉపనది స్నేక్ మీద లోయర్ గ్రానైట్ వరకు ఒకదాని వెనుక ఒకటి లేచాయి.

చేప కోసం పెట్టే ఖర్చును దగ్గరగా చూడాలంటే బోన్‌విల్‌లోని లెక్కింపు గదే సరైన చోటు. ఆనకట్ట పక్కన మెట్లు మెట్లుగా కట్టిన నీటి దారిలో చేపలు పైకి ఎగురుతూ ఒక ఇరుకు సందులోకి వస్తాయి. సందుకు గాజు కిటికీ ఉంటుంది. దాని వెనుక కూర్చున్న మనిషి దాటిన ప్రతి చేపనూ జాతి చూసి మీట నొక్కి నమోదు చేస్తాడు. గంటలో యాభై నిమిషాలు లెక్కించి పది నిమిషాలు విశ్రాంతి తీసుకుంటాడు. ఆ పది నిమిషాల్లో వెళ్లిన చేపలను అంచనాతో కలుపుతారు. మెట్లదారి కట్టిన ఖర్చు, లెక్కించే మనిషి జీతం, దిగువకు వెళ్లే పిల్లచేపలు టర్బైన్లలో పడకుండా పెట్టిన జల్లెడ తెరలు, వాటిని పట్టి బార్జీల్లో సముద్రం వైపు చేరవేసే ఏర్పాటు, ఇవన్నీ చేప పద్దులోకే వస్తాయి. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ హేచరీల దగ్గర మొదలవుతుంది. ఆనకట్టల వల్ల పోయిన చేపలకు బదులుగా హేచరీలు కట్టడానికి కాంగ్రెస్ 1938లోనే మిచెల్ చట్టం చేసింది. అప్పటికి అంతరించే జీవుల చట్టం పుట్టలేదు. ఆ హేచరీల నుంచి వచ్చే చేప చాలావరకు వలలకూ గాలాలకూ పోతుంది. వాటి నిర్వహణ వ్యయాన్ని అంతరించే చేపల పునరుద్ధరణలో రాయాలా, ఆనకట్ట కట్టినప్పటి పాత బాకీగా రాయాలా? రెండు రకాలుగానూ రాసిన నివేదికలు ఉన్నాయి. మొత్తాలు వందల కోట్ల తేడాతో ఉండటానికి ఇదొక కారణం.

అమ్మని కరెంటు ఖరీదు

అసలు పెద్ద తగాదా వదులుకున్న ఆదాయం మీద. ఈ ఫెడరల్ ఆనకట్టల కరెంటును అమ్మేది 1937లో పుట్టిన బోన్‌విల్ పవర్ అడ్మినిస్ట్రేషన్. ఇది 31 ఆనకట్టల విద్యుత్తును విక్రయించి, వచ్చిన సొమ్ముతోనే నడుస్తుంది. నదిని నడిపించేటప్పుడు చేపకూ కరెంటుకూ సమ న్యాయం చేయాలని 1980 నాటి నార్త్‌వెస్ట్ విద్యుత్ చట్టం ఆదేశించింది. వసంతంలో పిల్లచేపలు సముద్రానికి వెళ్లే రోజుల్లో కొంత నీటిని టర్బైన్లకు పంపకుండా గేట్ల మీదుగా వదులుతారు. అలా వదిలిన నీటితో కరెంటు పుట్టదు. పుట్టి ఉంటే ఎంతకు అమ్ముడుపోయేదో లెక్కగట్టి దాన్ని చేప ఖర్చుగా చూపుతారు. కొరత పడినప్పుడు బయట కొన్న కరెంటులో చేపకు ఆపాదించిన భాగాన్ని కూడా అదే వరుసలో రాస్తారు. కౌన్సిల్ చెప్పే 1,700 కోట్లలో ఈ రెండు పద్దులదీ పెద్ద వాటా.

విద్యుత్ సంస్థ వాదన తీసిపారేయదగినది కాదు. అమ్ముకోగలిగిన సరుకు అమ్మకుండా వదిలేస్తే ఆర్థికశాస్త్రం దాన్ని ఖర్చనే అంటుంది. ఆ భారం చివరకు వినియోగదారుడి బిల్లు మీద పడుతుంది. చేపల పక్షం వాళ్లూ, నది మీద హక్కున్న ఆదివాసీ తెగలూ దీన్ని ఒప్పుకోరు. మేడ మీది గదిని అద్దెకివ్వకుండా కన్నవాళ్లకు ఇచ్చి, రాని అద్దెను వాళ్ల పోషణ ఖర్చులో రాసుకోవడం లాంటిది ఇదని వాళ్ల వాదన సారం. ఆ నీరు మొత్తం మొదటి నుంచీ టర్బైన్ల సొత్తే అయినట్టు లెక్క మొదలుపెట్టడమే తప్పంటారు. సాగునీటికి మళ్లించిన నీటి వల్ల పోయిన కరెంటును ఎవరూ రైతుల ఖర్చుగా ప్రతి ఏటా ప్రకటించరు కదా అని గుర్తుచేస్తారు.

ఈ పద్ధతి ఎంత చిత్రమైన అంకెలను పుట్టించగలదో 2001 చూపించింది. ఆ ఏడు వాయవ్యంలో కరువు, పక్కన కాలిఫోర్నియాలో కరెంటు సంక్షోభం. మార్కెట్ ధరలు ఆకాశాన్నంటాయి. అత్యవసర పరిస్థితి పేరిట చేపల కోసం గేట్లు ఎత్తడం బాగా తగ్గించేశారు. చేపకు నీళ్లు అతి తక్కువ దక్కిన సంవత్సరాల్లో అదొకటి. అదే సంవత్సరం చేపకు ఆపాదించిన కరెంటు కొనుగోళ్లు దాదాపు 139 కోట్ల డాలర్లకు చేరాయి. చేపకు అందిన మేలు తగ్గినప్పుడు చేప పేరిట ఖర్చు కొండలా పెరిగింది. ఆ అంకె కొలిచింది మార్కెట్‌లో కరెంటు ధరనే.

ఎవరు చెల్లిస్తారన్నది మరో చిక్కు. ఆనకట్టలు కరెంటుకే కాదు, సాగునీటికి, వరద నియంత్రణకు, పడవల రాకపోకలకు కూడా పనికొస్తాయి. కరెంటు వాడేవాళ్లు మిగతా ప్రయోజనాల వాటా భరించనక్కర్లేదని 1980 చట్టంలో ఉంది. దాని ప్రకారం వ్యవస్థ మొత్తానికి 22.3 శాతం వాటాను ఖజానా ఆ సంస్థకు జమ చేస్తుంది. అంటే అర్హత ఉన్న ప్రతి వంద డాలర్లలో 22 డాలర్ల పైచిలుకు దేశమంతటి పన్ను చెల్లింపుదారులది, మిగతాది ఆ ప్రాంతపు కరెంటు వినియోగదారులది. సియాటిల్ నగర విద్యుత్ సంస్థ కూడా బోన్‌విల్ దగ్గర కరెంటు కొంటుంది. కాబట్టి అక్కడి తెలుగు కుటుంబం కట్టే నెల బిల్లులోనూ సాల్మన్ వాటా ఎంతో కొంత ఉంటుంది. 'ప్రభుత్వ వ్యయం' అనే మాటలో ఈ ఇద్దరినీ కలిపేస్తే భారం ఎవరిదో కనపడదు.

కలగలిసిన ఖర్చులు, రెండుసార్లు ఎక్కే డాలర్లు

జవాబుదారీ కార్యాలయం 2002లో చేసిన సమీక్ష ఈ రంగంలో ఇప్పటికీ చదవదగినది. పదకొండు ఫెడరల్ సంస్థలను అడిగి అది రాబట్టిన అంచనా ఇది: 1982 నుంచి 1996 వరకు దాదాపు 180 కోట్ల డాలర్లు, 1997 నుంచి 2001 వరకు అయిదేళ్లకే సుమారు 150 కోట్లు. మొదటిది ఆయా సంవత్సరాల ధరల్లో, రెండోది 2001 ధరల్లో చెప్పిన అంకె. ఈ రెంటినీ కలిపి 330 కోట్లు అని రాసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. వేర్వేరు ధరల్లో ఉన్న అంకెలను అలా కలపకూడదు.

ఆ 150 కోట్లలో సుమారు 53.7 కోట్లు ఫెడరల్ సంస్థలు తాము ఖర్చు పెట్టకుండా రాష్ట్రాలకు, తెగలకు, స్థానిక సంస్థలకు ఇచ్చినవి. ఇచ్చినవాళ్లూ, పుచ్చుకుని ఖర్చుపెట్టినవాళ్లూ ఇద్దరూ తమ పద్దుల్లో రాసుకుంటే, కలిపేవాడు జాగ్రత్తగా లేకపోతే ఒకే డాలరు రెండు సార్లు ఖర్చయిపోతుంది.

ఆ సమీక్ష మరో 30.2 కోట్లను విడిగా చూపింది. ఇది చేప కోసమని పెట్టిన సొమ్ము కాదు. పొలాల్లో మట్టి కోత ఆపడానికి చేసిన పనులలాంటివి. కోత ఆగితే రైతుకు దిగుబడి పెరుగుతుంది, ఏట్లో పూడిక తగ్గి చేప గుడ్లు కూడా బతుకుతాయి. అందులో చేప వాటా ఎంత? విడదీయడానికి శాస్త్రీయమైన సూత్రం ఏదీ లేదు. సమీక్షకులు దాన్ని మొత్తంలో కలపకుండా, వదిలేయకుండా పక్కన పెట్టి చూపారు. ఉమ్మడి ఖర్చు విషయంలో నిజాయితీ గల పద్ధతి ఇదొక్కటే.

ముందస్తు అంచనాలు ఎందుకు నిలవవు?

స్నేక్ నది సాకై సాల్మన్‌ను 1991లో అంతరించే జాబితాలో చేర్చారు. ఇడాహో కొండల్లో సముద్రానికి 900 మైళ్ల దూరాన ఉన్న రెడ్‌ఫిష్ సరస్సు దాని పుట్టిల్లు. 1992లో అంత దూరం ఎదురీది వచ్చింది ఒకే ఒక మగ చేప. జనం దానికి 'ఒంటరి లారీ' అని పేరు పెట్టుకున్నారు. 1991-98 మధ్య తిరిగొచ్చిన 16 చేపలనూ పట్టి, వాటితో హేచరీలో జాతిని నిలబెట్టారు. ఈ చేపకు 2015లో వెలువడిన పునరుద్ధరణ ప్రణాళిక వ్యయం 25 ఏళ్లకు సుమారు 10 కోట్ల డాలర్లు. ఆనకట్టల మీద ఏటా పదుల కోట్లంటూ ఒకవైపు, మొత్తం జాతికి పాతికేళ్లకు పది కోట్లంటూ మరోవైపు! కారణం తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. ఇతర చట్టాల కింద, ఇతర ఒప్పందాల కింద ఎలాగూ జరిగే పనులను, అంటే ఆనకట్టల వద్ద మార్పులను, ఆ ప్రణాళిక తన అంచనాలో కలపలేదు. ఏది అదనం, ఏది ఎలాగూ జరిగేది అన్న గీత ఎక్కడ గీస్తే అంచనా అక్కడికి జరుగుతుంది.

రెండో కారణం అనుబంధ ఖర్చులు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నది మీద రెండు పాత ఆనకట్టలను 2011-14 మధ్య కూల్చారు. కూల్చివేత కాంట్రాక్టు విలువ 2.69 కోట్ల డాలర్లు. మొత్తం పునరుద్ధరణకు అయింది సుమారు 32.5 కోట్లు. ఆనకట్టలు కొనడానికే దాదాపు 2.95 కోట్లు పోయాయి. ఏళ్ల తరబడి పేరుకున్న పూడిక కిందికి కొట్టుకొస్తే పోర్ట్ ఏంజిలస్ పట్టణానికి మంచినీళ్లు పాడవకుండా నీటి శుద్ధి కేంద్రాలు, వరద కట్టలు, హేచరీ, మొక్కల నర్సరీ అన్నీ ఆ లెక్కలోకే వచ్చాయి. తెలుగు పాఠకుడికి ఇది కొత్త కాదు. పోలవరం అంచనా 2010-11 ధరల్లో 16,010 కోట్ల రూపాయలు ఉండగా, 2017-18 ధరల్లో 55,548 కోట్లకు చేరింది. అందులో 33 వేల కోట్లకు పైగా భూసేకరణ, పునరావాసాలదే. కట్టడానికైనా కూల్చడానికైనా కాంక్రీటు కన్నా చుట్టూ ఉన్న మనుషుల ఖర్చే ఎక్కువ.

మూడోది కాలం. చేపల పునరుద్ధరణ యాభై ఏళ్ల పని. యాభై ఏళ్ల తర్వాత వచ్చే వంద డాలర్ల మేలు ఇవాళ ఎంతకు సమానం? ఏటా 3 శాతం చొప్పున తగ్గిస్తే 23 డాలర్లు, 7 శాతం చొప్పున తగ్గిస్తే మూడున్నర డాలర్లు కూడా కాదు. అమెరికా బడ్జెట్ కార్యాలయం 2003 మార్గదర్శకాల్లో ఈ రెండు రేట్లనూ వాడమంది. మొదటి రేటుతో గట్టెక్కే పథకం రెండో రేటుతో మునిగిపోవచ్చు. నదిలో చేపకు ఏ మార్పూ ఉండదు, కాగితం మీద విలువ ఏడింట ఒక వంతు అవుతుంది.

పెట్టినదానికి ఫలితం ఉందా?

2002 సమీక్ష తేల్చింది ఇది: చేసిన పనులు మంచివేనని అందరూ అంటున్నారు, వాటి వల్ల ఎన్ని చేపలు పెరిగాయో చెప్పే గట్టి సాక్ష్యం మాత్రం చాలా తక్కువ. ఇరవై ఏళ్ల తర్వాత యేగర్, షోయరెల్ మరింత కటువుగా చెప్పారు. బోన్‌విల్ వద్ద యాభై ఏళ్ల లెక్కలు పరిశీలిస్తే హేచరీ చేపలు పెరిగిన జాడ ఉంది గానీ, సహజంగా పుట్టే చేపల సంఖ్య ఖర్చు వల్ల పెరిగిందనడానికి ఆధారం దొరకలేదన్నారు.

ఈ నిర్ధారణను 'డబ్బంతా నీళ్ల పాలు' అని చదవడం తేలిక. కానీ ఆ ఖర్చే లేకపోయి ఉంటే ఏమయ్యేదన్నది ఎవరూ కొలవలేని సంగతి. రెడ్‌ఫిష్ సరస్సు సాకై ఈపాటికి లేకుండా పోయేదని నమ్మడానికి మాత్రం ఒంటరి లారీ చాలు. నదిలో వేడి పెరుగుతూ, సముద్రం మారుతూ ఉన్నప్పుడు ఉన్నచోట నిలబడటానికి కూడా ఖర్చవుతుంది. అలాగని ప్రతి వైఫల్యాన్నీ ఈ మాటతో కప్పిపుచ్చడం కుదరదు. ఆనకట్టలు అలాగే ఉంచి చుట్టూ ఉపశమనాలు కొనుక్కుంటే వచ్చే ఫలితం ఇంతేనేమో అన్న ప్రశ్నను ఆ అధ్యయనం బలపరిచింది.

పోలికకు ఆరెగాన్ చబ్ అనే వేలెడంత చేప ఉంది. 1993లో జాబితాలో చేరినప్పుడు వెయ్యి లోపే మిగిలింది. నిలవ నీటి మడుగులు బాగుచేసి, ప్రైవేటు భూముల యజమానులతో ఒప్పందాలు చేసుకుని, కొత్త చోట్లకు తరలించి లక్షా నలభై వేలు దాటించారు. 2015లో కోలుకుని జాబితా నుంచి బయటపడిన మొదటి చేప ఇదే. దీనికి సముద్ర ప్రయాణం లేదు, స్నేక్ నది సాకైకి ఉన్నట్టు దారిలో ఎనిమిది ఆనకట్టలు లేవు, కరెంటు మార్కెట్‌తో పని లేదు. చేప చేపకూ ఖర్చు తేడా చేప విలువలో లేదు, దానికి అడ్డొచ్చే ఆస్తుల విలువలో ఉంది.

పద్దులో లేని అప్పులు

ఇప్పటిదాకా చూసిన లెక్కలన్నీ చేపను బాగుచేయడానికయ్యే ఖర్చుతో మొదలవుతాయి. పాడుచేయడానికైన ఖర్చు ఏ నివేదికలోనూ ఉండదు. 1962 సెప్టెంబరులో, ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్ట నిండబోయే ముందు, గ్రీన్ నదిలో, దాని ఉపనదుల్లో సుమారు 450 మైళ్ల పొడవునా ప్రభుత్వ సిబ్బందే రోటెనోన్ విషం కలిపారు. స్థానిక చేపలను చంపి, గాలపు వేటకు పనికొచ్చే ట్రౌట్‌ను పెంచాలన్నది పథకం. అలా చచ్చినవాటిలో ఉన్న కొలరాడో పైక్‌మినో, రేజర్‌బ్యాక్ సకర్ లాంటి చేపలనే బతికించడానికి 1988లో ఎగువ కొలరాడో పునరుద్ధరణ కార్యక్రమం పెట్టారు. ఈ రెండు ఖర్చులూ ప్రజల సొమ్మే. ఇంతకన్నా విచిత్రం, కొలంబియాలో ఆ పైక్‌మినోకే దగ్గర చుట్టమైన చేప సాల్మన్ పిల్లలను తింటుందని, పట్టి తెచ్చిన ప్రతి చేపకూ గాలం వేసేవాళ్లకు ప్రభుత్వ సొమ్ము ఇస్తారు. 2016లో ఒక్క మనిషే లక్షా 19 వేల డాలర్లకు పైగా సంపాదించాడు. ఆ సొమ్ము కూడా సాల్మన్ పద్దులోనిదే.

తెగల బాకీ ఇంకా పాతది. 1855 ఒప్పందాల్లో యాకమా, ఉమటిల్లా, నెజ్ పెర్స్, వార్మ్ స్ప్రింగ్స్ తెగలు కోట్ల ఎకరాలు వదులుకుని, అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కు ఉంచుకున్నాయి. వేల ఏళ్లుగా వలలు పడిన సెలైలో జలపాతం 1957 మార్చి 10న డాలెస్ ఆనకట్ట నీళ్ల కింద మునిగింది. పరిహారం సుమారు 2.7 కోట్ల డాలర్లు. ఒప్పందం చేపలు పట్టుకునే హక్కు గురించి. పట్టడానికి చేపే లేకపోతే హక్కు ఎక్కడ? ఈ కోణంలో చూస్తే పునరుద్ధరణ దయతో చేసే ఖర్చు కాదు, తీర్చవలసిన అప్పు.

ఇక స్నేక్ నది కింది భాగంలోని నాలుగు ఆనకట్టలు తీసేస్తే? 2021లో ఇడాహో కాంగ్రెస్ సభ్యుడు మైక్ సింప్సన్ 3,350 కోట్ల డాలర్ల ప్రణాళిక ప్రతిపాదించారు. మరుసటి ఏడాది సెనెటర్ ప్యాటీ మర్రీ, గవర్నర్ జే ఇన్‌స్లీ తెప్పించిన నివేదిక ఆనకట్టల సేవలకు ప్రత్యామ్నాయాలు కల్పించే ఖర్చును 1,030 నుంచి 2,720 కోట్ల మధ్య చూపింది. ఈ అంకెలు చేప కన్నా ఎక్కువగా ప్రత్యామ్నాయ కరెంటు, ధాన్యం రవాణా, సాగునీటి పంపుల ఖర్చు గురించే చెబుతాయి. సాల్మన్ పునరుద్ధరణ కోసం 2023 డిసెంబరులో తెగలతో, రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందాన్ని 2025 జూన్‌లో ట్రంప్ ప్రభుత్వం రద్దు చేసింది. ప్రభుత్వం మారితే పోయే ప్రణాళికకు పాతికేళ్ల అంచనా వేయడంలో ఉన్న కష్టం ఇదే.

గంగ, గోదావరి

మన దగ్గర ఈ ప్రశ్న హిల్సా చేపతో ముడిపడి ఉంది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక గంగలో పైకి వెళ్లే హిల్సా దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు కేంద్ర సంస్థలు బ్యారేజీకి ఎగువన హిల్సాను వదులుతున్నాయి. చేపలు దాటేలా అక్కడి కొత్త నావిగేషన్ లాక్‌ను నడుపుతామని 2019లో ప్రకటించారు. సుమారు 360 కోట్ల రూపాయల ఆ లాక్ ప్రధానంగా ఓడల కోసం కట్టినది. దాని మొత్తం వ్యయాన్ని హిల్సా పేరిట రాస్తే అబద్ధం, ఏమీ రాయకపోతే మరో అబద్ధం.

గోదావరిలో ఆ హిల్సాయే వరద నీటికి ఎదురీది మన పులస అవుతుంది. దాని దారి ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. కాటన్ ఆనకట్ట 1852 నాటిది. హిల్సా అంతర్జాతీయ ప్రమాద జాబితాలో లేదు, చట్టమూ దాని లెక్క అడగదు. పుస్తెలమ్మినా పులస తినాలని చెప్పుకునే జనానికి చేప విలువ తెలియదని ఎవరంటారు? విలువ కట్టే పద్ధతులూ ఉన్నాయి. ఎల్వా ఆనకట్టలు తీయడానికి ఏడాదికి ఎంత కడతారని ఆర్థికవేత్త జాన్ లూమిస్ తొంభయ్యో దశకంలో సర్వే చేస్తే, ఆ జిల్లావాళ్లు ఇంటికి 59 డాలర్లు, రాష్ట్రంవాళ్లు 73, మిగతా దేశంవాళ్లు 68 అన్నారు. ఎన్నడూ ఆ నది చూడనివాళ్లు కూడా కడతామన్నారు. గోదావరి మీద అలాంటి ప్రశ్న వేయడానికి చేప అంతరించేదాకా ఆగనక్కర్లేదు.

ఎలాంటి అంచనా కావాలి?

ఒకే మొత్తం చెప్పే ఏ అంచనానూ నమ్మవద్దు. చేతి నుంచి పోయిన నగదు ఒక వరుసలో, వదులుకున్న ఆదాయం మరో వరుసలో, ఉమ్మడి పనులు మూడో వరుసలో విడివిడిగా ఉండాలి. ఏ సంవత్సరపు ధరలో అంకె పక్కనే రాయాలి. పన్ను చెల్లింపుదారుల వాటా, కరెంటు వినియోగదారుల వాటా వేరు చేయాలి. ఎలాగూ జరిగే పనులు ఏవో, ఏ స్థితితో పోల్చి 'అదనం' అంటున్నారో చెప్పాలి. వదులుకున్న కరెంటు లెక్కగడితే, అదే పద్ధతిలో ఆనకట్ట వల్ల పోయిన చేపల వేటనూ లెక్కగట్టాలి. ఒక పక్షానికే ఈ అవకాశ వ్యయం (వదులుకున్నదాని ఖరీదు) రాయడం లెక్క కాదు, వకాల్తా.

అన్నిటికీ మించి, ఖర్చు పద్దు పక్కనే ఫలితం పద్దు ఉండాలి. నలభై ఏళ్ల తర్వాత పనిచేసిందో లేదో తెలియదనడం చేప తప్పు కాదు. ఫలితం తేలేలా కొలత ఏర్పాటు చేయని పాలకుల తప్పు. నదుల మీద కొత్త బ్యారేజీలు, అనుసంధానాలు తలపెడుతున్న మన ప్రభుత్వాలు నేర్చుకోవలసింది ఇదే. సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) రాసే రోజునే చేపకు ఒక పద్దు తెరవండి. కట్టేటప్పుడు రాయని ఆ ఖర్చును తర్వాతి తరాలు చాలా రెట్లు పెంచి కట్టవలసి వస్తుంది.